రక్తం పట్టే మాత్రలు

ఆ శుక్రవారం పొద్దున ఫింటాస్ మొత్తం పొగమంచులో మునిగిపోయింది. ఐదో అంతస్తు బాల్కనీలోంచి చూస్తే ఎదురుగా ఉండాల్సిన సముద్రం లేదు, రోడ్డు లేదు, రోడ్డుకి అవతల మసీదు కూడా సగం దాకా ఎవరో చెరిపేసినట్టుంది. ఫిబ్రవరిలో కువైట్‌కి అప్పుడప్పుడు ఇలాంటి పొద్దులు వస్తాయి. ఎండకీ ఇసుకకీ అలవాటు పడ్డ ఊరు ఒక్క పూట తనెక్కడుందో మరిచిపోయి నిద్రలో నడుస్తున్నట్టు ఉంటుంది.

పద్మశ్రీకి మాత్రం నిద్రలో నడిచే తీరిక లేదు. పెసరట్ల పిండి రుబ్బడం అయింది, ఉప్మా పొయ్యి మీదుంది, అల్లం పచ్చడికి తాలింపు వేయాలి. శుక్రవారమంటే ఆడపడుచు గంగారత్నం భోజనానికి వచ్చే రోజు. ఆడపడుచు వస్తోందంటే ముఖం మాడ్చుకునేవాళ్ళు లోకంలో బోలెడంత మంది ఉంటారు గానీ పద్మశ్రీ ఆ బాపతు కాదు. వారమంతా ఇండియన్ స్కూల్లో చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పి గొంతు పోగొట్టుకున్న మనిషికి, వదిన చెప్పే కబుర్లు వినడమే విశ్రాంతి.

"ఏమండీ, ఈ మంచులో వదినెలా వస్తాదండీ? మీరు కారేసుకెళ్ళి తీసుకురావచ్చు కదా," అంది వంటింట్లోంచి.

"ఆ ఇంటి డ్రైవరు దింపేస్తాడులే. నువ్వు పచ్చడి సంగతి చూడు. పచ్చడి బాలేకపోతే అక్క నన్ను తిట్టుద్ది, నిన్నేమీ అనదు," అన్నాడు ఉదయ్‌కుమార్ దుప్పట్లోంచి ముఖం బయటికి పెట్టకుండానే.

"మరే. మీ అక్క దగ్గర ఉన్న భయంలో పదో వంతు నా దగ్గరుంటే ఈ కాపరం ఎప్పుడో బాగుపడును."

హాల్లో పుస్తకం ముందేసుకుని మంచు చూస్తున్న దేవిక కిసుక్కున నవ్వింది. దేవిక పన్నెండో తరగతి. నెల్లో పరీక్షలు. ఆ పిల్ల ఇంకా నవ్వుతుండగానే ఫోను మోగింది.

ఫోన్లో మామా. అంటే గంగారత్నం పనిచేసే మిష్రిఫ్ విల్లా యజమానురాలు. ఆవిడ ఎప్పుడూ క్షేమ సమాచారాలు అడక్కుండా మాట మొదలుపెట్టే మనిషి కాదు. ఆ రోజు సలాం కూడా చెప్పలేదు.

"రతన్ మీ ఇంటికొచ్చిందా? నా నూరా ఏది? ఇద్దరూ ఇంట్లో లేరు!"

గంగారత్నం ఆ ఇంట్లో పదహారేళ్ల నుంచి ఉంటోంది. వంట మనిషిగా వచ్చి, ముగ్గురు పిల్లల్ని ఎత్తుకు పెంచింది. ఆఖరిది నూరా, నాలుగేళ్లది, ఆవిడ చంక దిగేది కాదు. ఆ ఇంటి యజమాని బాబాకి దజీజ్‌లో పెద్ద గోడౌన్ ఉంది. తమ్ముడికి పని కావాలని గంగారత్నం ఒక్క మాట అడిగితే ఆయన వీసా పంపాడు. అప్పటినుంచి ఉదయ్‌కుమార్ ఆ గోడౌన్లో స్టోర్ కీపర్. అక్కకీ తమ్ముడికీ కఫీల్, అంటే వీసాకి పూచీ ఉన్న యజమాని, ఒక్కరే. ఆ ఇల్లు చల్లగా ఉంటేనే ఈ ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఇద్దరూ దొరికారు. మెస్సీలా వైపు సముద్రంలో, నడుం లోతు నీళ్లలో, నూరాని భుజం మీద కూర్చోబెట్టుకుని గంగారత్నం నిలబడి ఉంటే, వలలు తీసుకోవడానికి వచ్చిన జాలర్లు చూసి ఒడ్డుకు లాక్కొచ్చారట. పిల్లకి దెబ్బలేమీ లేవు. ఉదయ్‌కుమారూ పద్మశ్రీ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళేసరికి గంగారత్నం బెంచీ మీద కూర్చుని ఉంది. తడి బట్టల మీద ఎవరో కంబళి కప్పారు. కళ్ళు మెరుస్తున్నాయి. పెళ్ళివారింటికి వచ్చినట్టు ఉంది ఆవిడ వాలకం.

"ఏమయ్యిందక్కా?" అన్నాడు ఉదయ్‌కుమార్ పక్కన కూలబడి.

"ఏమవుద్దిరా? పంటు ఆలస్యమయ్యింది. మంచు కదా, నడిపేవాడికి దారి కనపడుండదు. నూరమ్మకి మన ఊరు చూపిద్దామని బయల్దేరేను. అవతలి ఒడ్డున దీపాలు కూడా కనపడ్డాయిరా. ఇంకొక్క పావుగంట ఆగితే వచ్చేసును. ఈ లోపల వీళ్ళొచ్చి గోల."

పంటంటే కోటిపల్లి రేవులో మనుషుల్నీ సైకిళ్ళనీ మేకల్నీ కలిపి గోదావరి దాటించే పెద్ద పడవ. పద్మశ్రీ భర్త వంక చూసింది. అతని ముఖం తెల్లగా పాలిపోయింది. అక్క ముఖంలో ఆ మెరుపు అతనికి కొత్త కాదు, ఒకసారి ఎప్పుడో రేవులోనే చూశాడు. కానీ ఆ మాట భార్యతో అనలేదు.

గోడ పక్కన మామా నూరాని గుండెకి అదుముకుని నిలబడి ఉంది. అరవలేదు, తిట్టలేదు. "పదహారేళ్లు. నా ఇంటి తాళాలన్నీ దీని దగ్గరే ఉంటాయి," అని మాత్రం అంది. నూరా తల్లి భుజం మీంచి చేతులు చాపి 'రతన్, రతన్' అంటోంది. పిల్లని ఎత్తుకుపోయిందని బాబా అప్పటికే ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టేశాడు.

మూడు వారాలకి కేసు కోర్టుకొచ్చింది. జడ్జిగారు పెద్దాయన, మాట నెమ్మది. అరబ్బీ నుంచి తెలుగులోకి మార్చి చెప్పడానికి అబ్దుల్ ఖుద్దూస్ అనే ఆయన్ని పిలిపించారు. రాయచోటి మనిషి. కువైట్ వచ్చి ముప్పై ఏళ్ళయింది, గడ్డం కూడా ఇక్కడే తెల్లబడింది.

"నీళ్ళలోకి ఎందుకు దిగావు?" అని అడిగారు జడ్జిగారు.

"ఒడ్డున నిలబడితే పంటు ఎక్కించుకోరు కదండి బాబూ," అంది గంగారత్నం, తెలియని పిల్లాడికి ఓపిగ్గా చెప్పినట్టు.

ఖుద్దూస్ ఆ మాట చెప్పగానే ఆయన రాస్తున్న కలం ఆపేశారు. ఆవిడ వంక చాలాసేపు చూశారు. తర్వాత, ఈమె తరఫు వాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగారు. ఉదయ్‌కుమార్ లేచి నిలబడ్డాడు.

"ఈమెకు ఇంతకు ముందెప్పుడైనా మనసు బాగోక వైద్యం జరిగిందా?"

ముందు వరసలో బాబా కూర్చుని ఉన్నాడు. ఆయన తెల్లటి భుజం ఉదయ్‌కుమార్‌కి అడుగు దూరంలో ఉంది.

"లేదండి. మా వంశంలోనే ఎవరికీ లేదండి," అన్నాడు.

గంగారత్నం కూడా తల ఊపింది. తమ్ముడు నిజమే చెప్తున్నాడని ఆవిడకి నమ్మకం.

బయట మెట్ల మీద ఖుద్దూస్ అతన్ని ఆపాడు. "ఉదయ్ అన్నా, రోంత నిలబడు. ఆయప్ప ఊరికే అడగల్యా. పోయినేడు ఇట్లాంటిదే ఒక ఫిలిప్పీను పిల్ల కేసు వస్తే, జైలు గాదు ఆస్పత్రి అని రాసినాడు. అమెరికాలో ఇట్లాంటోళ్ళ కోసరం కోర్టులే వేరేగా ఉండాయంట. జైల్లో ఎయ్యకుండా మందిచ్చి, నెల నెలా పిలిపించి చూస్తారంట. ఈడ అట్లాంటి కోర్టు యాడుండాది? ఈ జడ్జినే మనకు ఆ కోర్టు అనుకో."

"మరి డాక్టర్లు చూసేరు కదండి?"

"అరగంట చూసినారు. నెమ్మదిగా ఉండాది, బాగా మాట్లాడతాంది అని రాసినారు. అరగంటలో ఏం తెలుస్తాది? ముందునుంచీ ఈ జబ్బు ఉండాదని ఇంటోళ్ళు చెప్తే మళ్ళా లోతుగా చూపిస్తాడు. ల్యాకుంటే పిల్లను ఎత్తకపోయిన కేసే. ఏండ్లు లోపల, ఆ పైన ఇండియా విమానం. వచ్చే సోమవారం దాకా టైముండాది. ఏమన్నా ఉంటే గుర్తు చేసుకో."

"గుర్తు చేసుకోడానికేం లేదండి. చెప్పేను కదా," అన్నాడు ఉదయ్‌కుమార్. మెట్లు దిగుతూ తనకి తను కూడా అదే చెప్పుకున్నాడు. అక్క రోజూ మాత్రలు వేసుకుంటూనే ఉంది. మాత్రలు వేసుకుంటుండగా ఆ జబ్బెలా వస్తుంది? ఇది అది కాదు. ఇదింకేదో.

గురువారం పద్మశ్రీ జైల్లో వదినని చూసొచ్చింది. వచ్చి చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది. "అక్కడ కూడా నలుగురు ఆడాళ్ళని చుట్టూ కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్తోందండీ వదిన. ఆ శ్రీలంక పిల్లలకి తెలుగు రాదు, ఈవిడకి వాళ్ళ భాష రాదు, అందరూ నవ్వుతున్నారు. కానీ నిద్రే పోవట్లేదంట. 'నిద్రతో పనేంటి పద్మా, ఒళ్ళంతా తేలిగ్గా ఉంది, రెక్కలొచ్చినట్టుంది' అంటోంది. నాకు భయమేసింది. జైల్లో మాత్రలన్నా ఇస్తున్నారా, ఆ రక్తం మాత్రలు, అని అడిగేను."

"ఏమంది?" టీ గ్లాసు నోటిదాకా వచ్చి ఆగింది.

"అవి ఎప్పుడో మానేసిందంట కదా! రక్తం పదమూడుందని తేలాక ఇంకా మింగితే ఎక్కువైపోద్దేమోనని ఆపేసిందంట. నాలుగు నెలలయ్యిందంట."

గ్లాసు బల్ల మీద పెట్టబోయి ఉదయ్‌కుమార్ బల్ల అంచున పెట్టాడు. అది కింద పడి పగిలింది. అతను గాజు పెంకుల వంక చూడలేదు. రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని "అయిపోయింది, అయిపోయింది" అన్నాడు.

పద్దెనిమిదేళ్లు కాపరం చేసిన మనిషికి మొగుడు గ్లాసు పడేసినందుకు ఏడుస్తున్నాడో, ఇంకెందుకు ఏడుస్తున్నాడో తెలియకుండా ఉంటుందా? పద్మశ్రీ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఏ మాత్రలండీ అవి?"

అతను ముఖం మీంచి చేతులు తియ్యలేదు.

"ఊరినుంచి ఎవరొస్తున్నా ఆవకాయ జాడీతో పాటు తెల్ల డబ్బా ఒకటి వస్తాది. మీ బంగారయ్య బాబాయి పంపుతాడు. దాని మీద పేరుండదు, కాగితం చింపేసుంటాది. ఇక్కడ ప్రతి మందుల షాపులోనూ రక్తం మాత్రలు దొరుకుతాయి కదా, అంత దూరం నుంచెందుకని నేనొకసారి అడిగితే, మన ఊరి మందు బాగా పడుద్దన్నారు. ఏ మాత్రలండీ?"

అప్పుడు చెప్పాడు. ఇరవై మూడేళ్ల కిందట అక్క అత్తవారింట్లో పది రోజులు నిద్రపోలేదు. పాడింది, నవ్వింది, ఉన్న నగలన్నీ వీధిలో వాళ్ళకి పంచేసింది, చివరికి తెల్లవారుజామున రేవులో నీళ్లలో నిలబడితే పంటువాళ్ళు పట్టుకొచ్చారు. అత్తవారు పుట్టింట్లో దింపేసి మళ్ళీ రాలేదు. కాకినాడ డాక్టరు మందిచ్చాడు, నాలుగు నెలల్లో మామూలు మనిషైంది, మందు మాత్రం జీవితాంతం ఆపకూడదన్నాడు. 'నేనేం పిచ్చిదాన్నా, ఆ మాత్రలు మింగను' అని అక్క గోడకి తల బాదుకుంటే, తల్లి మాత్రల్ని షీట్లలోంచి ఒలిచి డబ్బాలో పోసి, ఇవి వేరేవి, రక్తం పట్టడానికి అని చెప్పింది. అక్క నమ్మింది. తల్లి పోయాక ఆ డబ్బా తమ్ముడి చేతికొచ్చింది.

"మరి నాకు?" అంది పద్మశ్రీ. గొంతు పైకి లేవలేదు, అందుకే అతనికి ఎక్కువ భయం వేసింది. "నాకు కూడా పద్దెనిమిదేళ్ల నుంచీ రక్తం మాత్రలేనా?"

"ఎలా చెప్పమంటావు పద్మా? ఆడపడుచుకి పిచ్చంటే మీ నాన్న పిల్లనిచ్చునా?"

"ఇవ్వకపోవును. పెళ్ళయ్యాకైనా చెప్పొచ్చు కదా! వదిన నా కూతురికి పురిటి స్నానం చేయించిన మనిషి. నేను ఆవిడ మీద ఈగ వాలనిస్తానా? ఆ రోజు కోర్టులో జడ్జిగారు నోరు తెరిచి అడిగేరు. అప్పుడైనా చెప్పేరు కాదే!"

"బాబా ఎదురుగా కూర్చున్నాడు! ముందే తెలిసి జబ్బు మనిషి చేతిలో తన పిల్లల్ని పెట్టేనంటే ఊరుకుంటాడా? నా ఇఖామా కొట్టేస్తాడు, ఇంకీ దేశంలో ఉండనివ్వరు. ఖలాస్. దేవికి పరీక్షలు వారంలో పెట్టుకుని పెట్టె సర్దుకోవాలి. అంతా నా ఒక్కడి కోసమేనా?"

"మరి ఆవిడ కోసం ఎవరండీ?"

ఆ మాటకి అతను లేచి నిలబడ్డాడు. అప్పుడు చూశాడు, గుమ్మంలో దేవిక ఉంది. ఎప్పటినుంచి ఉందో.

"నాన్నా, ఆ మాత్రలు ఆపమంది నేను."

"నువ్వేంటమ్మా?"

"అక్టోబర్లో అత్తకి దగ్గొస్తే మామా క్లినిక్‌కి తీసుకెళ్ళింది కదా. రక్తం రిపోర్టు ఇంగ్లీషులో ఉందని అత్త శుక్రవారం తెచ్చి నా చేత చదివించింది. పదమూడుంది, సూపర్ అత్తా, ఇంక నీకు రక్తం మాత్రలెందుకు అన్నాను. అత్త ఎంత సంతోషపడిందో! నన్ను ముద్దు కూడా పెట్టుకుంది." అంతవరకు చెప్పి దేవిక గోడకి ఆనుకుని జారి కూర్చుంది. "అత్తని నేనే నీళ్ళలోకి పంపేను నాన్నా. నూరా కూడా చచ్చిపోయేది."

ఉదయ్‌కుమార్ పెంకుల మీంచే నడిచి వెళ్ళి కూతురి పక్కన కూర్చున్నాడు. దాని తల ఒళ్ళో పెట్టుకుని "నువ్వు కాదమ్మా, నువ్వు కాదు" అని పదిసార్లు అన్నాడు. దేవిక వినలేదు. ఆ రోజు అన్నం తినలేదు, మర్నాడూ తినలేదు. పుస్తకం తెరిచి అదే పేజీ వంక చూస్తూ కూర్చుంది.

శనివారం సాయంత్రం అతను ఒక్కడే సముద్రం ఒడ్డుకి వెళ్ళి కూర్చున్నాడు. గాలి లేదు. ఎక్కడో ఎడారిలో లేచిన దుమ్ము ఆకాశమంతా పరుచుకుని, నీళ్ళూ ఆకాశమూ ఒక్క రంగులోకి వచ్చేశాయి. నీళ్ళెక్కడ ఆగాయో, ఆకాశమెక్కడ మొదలైందో తెలియడం లేదు. ఆ మసకలో చూస్తూ కూర్చుంటే అవతల ఒక ఒడ్డు ఉందనే అనిపించింది. కొబ్బరి చెట్లు కూడా ఉన్నట్టే ఉంది. అక్క చూసింది ఇదే కాబోలు అనుకున్నాడు. చిన్నప్పుడు వరద రోజుల్లో అక్క తనని భుజాన ఎక్కించుకుని రేవులో ఇలాగే నిలబడేది. ఒక్కసారి కూడా జారవిడవలేదు. తను మాత్రం ఒక అబద్ధం చెప్పి, అది ఎక్కడికి వెళ్ళిందో చూడకుండా వదిలేశాడు. అది ఇల్లంతా తిరిగి చివరికి తన కూతురి నోట్లోంచే వచ్చింది. చీకటి పడకముందే అతను లేచాడు. ఒళ్ళంతా దుమ్ము.

సోమవారం కోర్టులో జడ్జిగారు కాగితాలు తిరగేస్తుండగా ఉదయ్‌కుమార్ చెయ్యెత్తాడు. అతనికి అరబ్బీ బాగానే వచ్చు, గోడౌన్లో రోజంతా అదే మాట్లాడతాడు. ఆ పూట ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు.

"మొన్న నేను చెప్పింది అబద్ధమండి," అన్నాడు తెలుగులో. ఖుద్దూస్ చటుక్కున లేచొచ్చి పక్కన నిలబడ్డాడు.

"మా అక్కకి జబ్బుందండి. ఇరవై మూడేళ్ళ నుంచీ ఉంది. అప్పుడూ ఇలాగే నీళ్ళలోకెళ్ళింది. మందు వేసుకున్నన్నాళ్ళు బంగారంలా ఉంది. అది దేనికి మందో ఆవిడకి తెలవదండి. రక్తానికని చెప్పి వేయించేం. రక్తం బాగుందని తెలిసి మానేసింది. తప్పు ఆవిడది కాదు, చదివి చెప్పిన పిల్లదీ కాదు. నాది. మామాకి దాచేను, బాబాకి దాచేను, మా ఆవిడకి దాచేను. మొన్న మీరడిగితే మీక్కూడా దాచేను."

ఖుద్దూస్ ఒక్కో మాటా అరబ్బీలోకి మార్చేలోపే ఆ మాట బోనులో ఉన్న గంగారత్నానికి చేరిపోతోంది. జడ్జిగారికన్నా ముందు ఆవిడకే తెలిసింది. నెల రోజులుగా ఆవిడ ముఖాన్ని వదలని మెరుపు మెల్లమెల్లగా చల్లారింది.

"ఒరేయ్ ఉదయ్, రక్తానికి కాదా?"

"కాదక్కా."

"మరి దేనికి? పిచ్చికా?"

పక్కనున్న పోలీసామె ఆవిడని వారించబోయింది. జడ్జిగారు వద్దన్నట్టు చెయ్యి చూపించారు. ఉదయ్‌కుమార్ తల వంచుకున్నాడు. గంగారత్నం అతని వంక అలాగే చూసి, మెల్లిగా గోడవైపు తిరిగి నిలబడింది.

అప్పుడు వెనక వరసలోంచి మామా లేచింది. ఒక్క మాట చెప్పుకుంటానంది. "ఉదయ్, మా అమ్మకి పక్షవాతం వస్తే పదేళ్ళపాటు రోజుకి మూడుసార్లు రతన్ తన చేత్తో మందు వేసింది. ఒక్క పూట మరిచిపోలేదు. ఈమెకి రోజుకో మాత్ర ఇవ్వాలని నువ్వు నాతో చెప్పి ఉంటే నేను ఇవ్వనా? నా గుండె మండేది పిల్లని తీసుకెళ్ళినందుకు కాదు. నన్ను నువ్వు అలాంటి మనిషిననుకున్నందుకు."

ఖుద్దూస్ అది తెలుగులోకి మార్చలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. ఉదయ్‌కుమార్‌కి మార్చి చెప్పాల్సిన పనీ లేదు. బాబా మాత్రం తల తిప్పకుండా ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు.

జడ్జిగారు జైలని రాయలేదు. మానసిక వైద్యశాలలో ఉంచి లోతుగా పరీక్షించి వైద్యం చేయాలని, నెలనెలా డాక్టర్ల కాగితం తన బల్ల మీదకి రావాలని, మూడు నెలల తర్వాత మళ్ళీ తీసుకొస్తే అప్పుడు మిగతాది చెప్తానని రాశారు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తే దేవిక తండ్రి చెయ్యి పట్టుకుని ఏడ్చి ఏడ్చి, రెండు గిన్నెల పెరుగన్నం తిన్నది.

బాబా ఇఖామా కొట్టెయ్యలేదు. కానీ గోడౌన్‌కి వచ్చినప్పుడు ఉదయ్‌కుమార్ సలాంకి బదులివ్వడం మానేశాడు. అది కొట్టెయ్యడం కన్నా కష్టంగానే ఉంది. అంతకన్నా కష్టం ఆస్పత్రి గుమ్మం. ప్రతి శుక్రవారం భార్యాభర్తలిద్దరూ క్యారేజీ పట్టుకుని వెళ్ళేవాళ్ళు. పద్మశ్రీ ఒక్కతే లోపలికెళ్ళేది. "తమ్ముణ్ణి రావద్దను" అని గంగారత్నం నర్సుతో ముందే చెప్పేసేది. అతను బయట బెంచీ మీద ఎండలో కూర్చునేవాడు. ఐదు శుక్రవారాలు అలాగే గడిచాయి.

ఆరో శుక్రవారం నర్సు బయటికొచ్చి అతన్ని పిలిచింది.

గంగారత్నం కిటికీ దగ్గర కూర్చుని ఉంది. కొంచెం లావైంది. చేతులు సన్నగా వణుకుతున్నాయి. కళ్ళలో ఆ మెరుపు లేదు. పాత కళ్ళే, అలిసిపోయి, అతన్ని గుర్తుపట్టి.

"కూర్చో."

కూర్చున్నాడు.

"అంతమందిలో చెప్పేవు కదరా. పోలీసులున్నారు, జడ్జిగారున్నారు, ఎవరో తెలియనోళ్ళున్నారు. నాతో ఒక్కదానితో చెప్పలేకపోయేవా?"

"భయమేసిందక్కా."

"నేను తిడతాననా?"

"కాదక్కా. మానేస్తావని. మానేస్తే మళ్ళీ నువ్వు నువ్వు కాకుండా పోతావని. నేనప్పుడు రేవులో నీ పక్కనే నిలబడి పిలిస్తే నన్ను ఎవరివి బాబూ అన్నావు."

గంగారత్నం కిటికీ వైపు తిరిగింది. కిటికీ అవతల ఖర్జూరం చెట్టు ఆకులు కదులుతున్నాయి. మందు కొత్తగా పడ్డప్పుడు మాటకీ మాటకీ మధ్య దూరం పెరుగుతుంది. ఆ దూరమంతా ఆవిడ నిదానంగా నడిచొచ్చింది.

"ఆ డబ్బా ఇచ్చేవోళ్ళని దేవుళ్ళనుకున్నానురా. అమ్మా, నువ్వూ. నా ఒంట్లో రక్తం కోసం ఎంత తాపత్రయపడతన్నారో అనుకునేదాన్ని." కళ్ళు తుడుచుకుంది. "కోపం పోలేదు నాకు. పోద్దని కూడా చెప్పను. ఆ పిల్ల, నూరమ్మ, నా భుజం మీద ఉంది. ఆ సంగతి తల్చుకుంటే ఊపిరాడదు. దేవినేం అనకండి. దాన్ని ఓసారి తీసుకురండి, నేను మాట్లాడతాను."

"అలాగే అక్కా."

"క్యారేజీలో ఏంటి?"

"వంకాయ కూర."

"పెట్టు," అంది. అతను కలిపి పెడుతుంటే తింది.

జూన్ నెలలో మళ్ళీ కోర్టు. బయట రోడ్డు మీద ఎండ నీళ్ళలా కదులుతోంది. లోపల చల్లగా, నిద్రొచ్చేలా ఉంది. డాక్టర్ల కాగితాలు జడ్జిగారు ఒక్కొక్కటే చదివారు. బాబా లేచి నిలబడి, పిల్ల క్షేమంగా ఉంది, కేసు మీద తనకి పట్టుదల లేదని చెప్పాడు. చెప్పి, వెళ్తూ వెళ్తూ ఉదయ్‌కుమార్ సలాంకి బదులు చెప్పాడు.

గంగారత్నం బోనులో నిలబడి ఉంది. నీలం చీర. పద్మశ్రీ పొద్దున్నే ఆస్పత్రికెళ్ళి జడ వేసొచ్చింది.

"ఈమెను తమ్ముడి ఇంటికి పంపవచ్చునని డాక్టర్లు రాశారు," అన్నారు జడ్జిగారు. "అయితే ఒక షరతు. మందు ఒక్క రోజు కూడా ఆగకూడదు. నెలకోసారి కాగితం నాకు రావాలి. ఈమెకు మందు ఇచ్చే బాధ్యత ఎవరిది? ఎవరి పేరు రాయమంటారు?"

ఖుద్దూస్ ఆ మాట పూర్తి చెయ్యకముందే ఉదయ్‌కుమార్ లేచి చెయ్యెత్తాడు. పక్కనే పద్మశ్రీ లేచింది. వెనక వరసలోంచి మామా కూడా లేచింది.

గంగారత్నం ముగ్గురినీ చూసింది.

"బాబూ," అంది జడ్జిగారితో. "వాళ్ళెవరి పేరూ వద్దండి. నా పేరు రాయండి. నేనే వేసుకుంటాను."

ఖుద్దూస్ చెప్పాడు. జడ్జిగారు కలం పట్టుకునే ఆగారు. "ఆ మందు దేనికో ఆమెకు తెలుసా అని అడుగు."

"తెలుసండి," అంది గంగారత్నం. డాక్టరమ్మ నేర్పిన ఆ ఇంగ్లీషు పేరుని గట్టిగా పట్టుకుని, ఒక్కో ముక్కా విడదీసి చెప్పింది. "బై... పో... లార్. అది నా మనసుకొచ్చిన జబ్బండి. షుగరున్నోళ్ళు షుగరుకి వేసుకున్నట్టు నేను దీనికి వేసుకోవాలి. బాగున్నా వేసుకోవాలి. బాగున్నప్పుడే ముఖ్యంగా వేసుకోవాలంట."

ఇరవై మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని మాటని ఆవిడ అంతమందిలో నిలబడి చెప్పింది. జడ్జిగారు తలూపి, కాగితం మీదకి వంగి, కుడి నుంచి ఎడమకి ఆవిడ పేరు రాశారు.

ఉదయ్‌కుమార్ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఎత్తిన చెయ్యి ఇంకా పైనే ఉంది, దించాలన్న సంగతి అతనికి తోచలేదు. పోలీసామె తలుపు తీస్తే గంగారత్నం బోను దిగి తమ్ముడి దగ్గరికి వచ్చింది. వణుకుతున్న చేత్తోనే అతని మణికట్టు పట్టుకుంది.

"చెయ్యి దించరా, అందరూ చూస్తన్నారు," అంది. "ఇంటికెళ్దాం పద."